ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య మూడు దారులు

నాటకాలకు సౌండ్ చూడటం మొదలుపెట్టిన తొలిరోజుల్లో, ఒక టెక్నికల్ రిహార్సల్‌లో నేను వేసిన పాటలో గాయకుడి గొంతు వినిపించలేదు. వాద్యాలు చాలావరకు ఉన్నాయి, గొంతు వెనుక ఉండవలసిన ప్రతిధ్వని కూడా పలుచగా తేలుతూనే ఉంది, కానీ పాడే మనిషి మాత్రం గోడ అవతల ఎక్కడో నిలబడి ఉన్నట్టుంది. దర్శకుడు వెనక్కి తిరిగి, "పాట బాగానే ఉందండీ, పాడేవాడే ఇంకా రాలేదు" అన్నారు. ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్స్ తగిలించి వింటే గొంతు శుభ్రంగా వినిపిస్తోంది. ఫైల్ మార్చాను, ప్లేయర్ మార్చాను, చివరికి పక్కవారి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి పెట్టాను. తప్పు వాటిలో దేనిలోనూ లేదు. అది నేను స్వయంగా మిక్సర్‌కు గుచ్చిన కేబుల్‌లో ఉంది.

స్టీరియో హెడ్‌ఫోన్ ప్లగ్‌లో మూడు కొసలుంటాయి: ఎడమ, కుడి, గ్రౌండ్. మిక్సర్ వెనుక ఉండే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లోనూ మూడు కొసలే ఉంటాయి, కానీ అక్కడ వాటి అర్థం వేరు. ఒకదాని మీద సిగ్నల్, రెండోదాని మీద అదే సిగ్నల్ తలకిందులైన రూపం, మూడోది గ్రౌండ్. ఆ ఇన్‌పుట్ చేసే పనల్లా మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేయడమే. అలా తీసివేసినప్పుడు అసలు సిగ్నల్ రెట్టింపవుతుంది, దారిలో రెండు తీగల మీదా సమానంగా చేరిన రొద సున్నా అవుతుంది. దానికి నేను స్టీరియో కేబుల్‌ను నేరుగా ఇచ్చేసరికి అది ఎడమలోంచి కుడిని తీసివేసింది. పాటలో గొంతునూ బేస్‌నూ సాధారణంగా సరిగ్గా మధ్యలో, అంటే రెండు వైపులా సమానంగా, పెడతారు. రెండు తీగల మీదా సమానంగా ఉన్నదంతా రొదే అన్న లెక్కన ఇన్‌పుట్ ఆ గొంతును తుడిచిపెట్టింది. పాపం, అది తన పని తాను సక్రమంగానే చేసింది.

ఆ రోజు నేర్చుకున్న పాఠం ఒక్క కేబుల్‌కు సంబంధించినదే అనుకున్నాను గానీ, తరువాత డిజిటల్ కన్సోళ్ల (పెద్ద డిజిటల్ మిక్సర్ల) దగ్గర పనిచేస్తున్నకొద్దీ ఆ చిక్కే వేషం మార్చుకుని మళ్లీ మళ్లీ ఎదురైంది. ల్యాప్‌టాప్‌ను మిక్సర్‌కు కలపడం అని మనం ఒక్క మాటలో అనేస్తాం. నిజానికి ఆ రెంటి మధ్య మూడు వేరువేరు సంగతులు నడుస్తాయి: శబ్దం, ఆ శబ్దపు నమూనాలను లెక్కపెట్టే గడియారం, ఏ క్షణాన ఏది జరగాలో చెప్పే ఆజ్ఞ. హెడ్‌ఫోన్ కేబుల్‌లో శబ్దం ఒక్కటే వెళుతుంది. యూఎస్‌బీ కేబుల్‌లో శబ్దమూ గడియారమూ, కొన్ని కన్సోళ్లలో ఆజ్ఞ కూడా వెళతాయి. నెట్‌వర్క్ కేబుల్‌లో మూడూ వెళ్లవచ్చు. ఏదైనా పనిచేయనప్పుడు ఈ మూడింటిలో తెగింది ఏది అని ముందుగా అడగకపోతే, నేను ఆ రోజు చేసినట్టు ల్యాప్‌టాప్‌లు మార్చుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

హెడ్‌ఫోన్ దారిని చిన్నచూపు చూడనవసరం లేదు. రెండు మూడు పాటలు, ఒక తలుపు చప్పుడు ఉన్న నాటకానికి అది చాలు. అయితే స్టీరియో ప్లగ్‌ను రెండు మోనో ప్లగ్‌లుగా విడదీసే కేబుల్ వాడి, రెండు ఛానెళ్లలోకి తీసుకుని, ఒకదాన్ని పూర్తిగా ఎడమకూ మరొకదాన్ని పూర్తిగా కుడికీ పాన్ చేయాలి, అంటే ఆ వైపు స్పీకర్‌కే పంపాలి. ఇంటి పరికరాల లైన్ స్థాయి −10 డీబీవీ, అంటే సుమారు 0.316 వోల్టులు, వృత్తి పరికరాలది +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. రెంటికీ దాదాపు 12 డెసిబెల్‌ల తేడా ఉంటుంది కనుక మిక్సర్‌లో గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచవలసి వస్తుంది, దానితోపాటు ఛార్జర్ నుంచి వచ్చే హమ్ (గుయ్‌మనే రొద) కూడా పెరుగుతుంది. ఛార్జర్ తీయగానే హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య చుట్టుతిరిగే కరెంటు, అని తెలుసుకోవచ్చు. దానికి మందు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చి మిక్సర్‌కు ఇచ్చే పెట్టె), దాని మీద గ్రౌండ్ తీగను విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ మీట. అంతేగానీ ఛార్జర్ ప్లగ్‌కు ఎర్త్ తీసేయడం ఎంతమాత్రం కాదు. ఒకటి మరువకూడదు: డీఐ లేకుండా ల్యాప్‌టాప్‌ను మైక్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే, ఆ ఛానెల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుకు దాని తీగ గుండానే వెళ్లే కరెంటు) ఆపి ఉందో లేదో ముందు చూడాలి.

యూఎస్‌బీ దగ్గరకు వచ్చేసరికి హమ్ బాధ తప్పుతుంది, ఎందుకంటే శబ్దం అంకెల రూపంలోనే కన్సోల్‌లోకి చేరుతుంది. ల్యాప్‌టాప్‌లోని చిన్న డిజిటల్–అనలాగ్ చిప్ ఒకవైపు, కన్సోల్ ప్రీయాంప్ (వచ్చిన సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) మరోవైపు, రెండూ దారిలోంచి తప్పుకుంటాయి. కానీ అసలు మార్పు శుభ్రతలో కన్నా సంఖ్యలో ఉంది. బెరింగర్ ఎక్స్32, మిడాస్ ఎం32 కన్సోళ్లలో యూఎస్‌బీ కార్డు ద్వారా 32 ఛానెళ్లు లోపలికీ 32 బయటికీ నడుస్తాయి. అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ కన్సోళ్లలోనూ 32, 32 ఉంటాయి. యమహా టీఎఫ్‌లో 34, 34. రెండు తీగలతో పనిచేయడానికి అలవాటుపడిన మనిషికి ఒక్కసారిగా 32 చేతికి వస్తే వాటితో ఏం చేయాలో తోచదు. నాకూ కొంతకాలం తోచలేదు.

ఇక్కడ కొత్తవారు పొరబడే చోటు ఒకటుంది. చాలా కన్సోళ్లలో పైభాగాన పెన్ డ్రైవ్ పెట్టుకునే యూఎస్‌బీ రంధ్రం ఒకటి కనిపిస్తుంది. అది సీన్లు (కన్సోల్ అమరికలు) దాచుకోవడానికీ, రెండు ఛానెళ్లు రికార్డు చేసుకోవడానికీ, ఒక పాట వేసుకోవడానికీ ఉద్దేశించినది. కంప్యూటర్‌తో మాట్లాడే పోర్టు వెనుక ఉంటుంది. దానికి ప్రింటర్లకు వాడే చతురస్రాకారపు బి-రకం ప్లగ్ కావాలి. ఆ కేబుల్ పొడవు మరొక చిక్కు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు 5 మీటర్లు హద్దు. ల్యాప్‌టాప్ కన్సోల్ పక్కనే ఉంటే ఇబ్బంది లేదు. స్టేజ్ మేనేజర్ దగ్గర వింగ్‌లో (వేదిక పక్కనుండే మరుగులో) పెట్టాలంటే యూఎస్‌బీ పనికిరాదు, నెట్‌వర్క్ దారి పట్టవలసిందే.

ఆపిల్ కంప్యూటర్లు చాలా కన్సోళ్లను డ్రైవర్ అడగకుండానే గుర్తిస్తాయి. విండోస్‌లో మాత్రం తయారీదారు ఇచ్చే ఆసియో అన్న రకం ఆడియో డ్రైవర్‌ను ముందుగా వేసుకోవాలి, ప్లేబ్యాక్ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ డ్రైవర్‌నే ఎంచుకోవాలి. లేకపోతే 32 ఛానెళ్లలో మొదటి రెండే కనిపించి, తక్కినవి ఎక్కడికి పోయాయని వెతుక్కోవలసి వస్తుంది. ఆ డ్రైవర్‌ను ప్రదర్శన రోజు సాయంత్రం కాక వారం ముందే వేసుకోవడం మంచిదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

కేబుల్ పెట్టాక, డ్రైవర్ వేశాక, సాఫ్ట్‌వేర్‌లో మీటర్లు ఎగురుతున్నా హాల్లో నిశ్శబ్దం ఉంటే నూటికి తొంభైపాళ్లు అది రూటింగ్ లోపమే. కన్సోల్‌లోకి శబ్దం వచ్చి చేరడం వేరు, అది ఒక ఛానెల్‌లో కూర్చోవడం వేరు. డిజిటల్ కన్సోల్‌లో ఏ ఛానెల్ ఎక్కడి నుంచి వినాలో మనమే చెప్పాలి: వెనుక ఉన్న ఎక్స్ఎల్ఆర్ (మైకు తీగలు గుచ్చే రంధ్రం) నుంచా, వేదిక మీది తీగలు చేరే స్టేజ్ బాక్స్ నుంచా, యూఎస్‌బీ కార్డు నుంచా అని. ఎక్స్32లో ఈ ఎంపిక ప్రధానంగా ఎనిమిదేసి ఛానెళ్ల గుంపులుగా ఉంటుంది. పాటల కోసం 25 నుంచి 32 దాకా కార్డుకు ఇచ్చేస్తే, అక్కడ అప్పటికే ఉన్న మైకులు మూగబోతాయి. నటుల మైకులు ఎక్కువగా ఉన్న నాటకంలో నేను ల్యాప్‌టాప్‌ను మైక్ ఛానెళ్లకు అదనంగా ఉండే ఆక్స్ ఇన్‌పుట్లలోకి తీసుకుంటాను. కార్డు నుంచి 6 ఛానెళ్ల దాకా అక్కడికి పంపవచ్చు, 32 మైక్ ఛానెళ్లూ మైకులకే మిగులుతాయి.

గెయిన్ విషయంలో కూడా కొత్త అలవాటు చేసుకోవాలి. డిజిటల్‌గా వచ్చిన సిగ్నల్‌కు ప్రీయాంప్ ఉండదు కనుక ప్రీయాంప్ గెయిన్ కూడా ఉండదు. ట్రిమ్ అన్న మరొక సర్దుబాటు ఉంటుంది. బజారులో దొరికే పాటలు దాదాపు సున్నా డీబీఎఫ్ఎస్ (డిజిటల్ శబ్దానికి గరిష్ఠ హద్దు) దాకా ఒత్తిపట్టి ఉంటాయి, మైకులేమో −18 దగ్గర నడుస్తుంటాయి. రెండింటి ఫేడర్లూ (స్థాయిని పెంచే, తగ్గించే జారుడు మీటలు) పక్కపక్కనే ఒకే ఎత్తులో ఉన్నప్పుడు పాట మైకును మింగేస్తుంది. అందుకని నేను ప్రతి ఫైల్‌నూ ముందే సాఫ్ట్‌వేర్‌లో తగ్గించి, కన్సోల్ ఫేడర్ సున్నా డెసిబెల్ గుర్తు దగ్గర, అంటే పెంచకా తగ్గించకా, ఉన్నప్పుడు సరిగ్గా వినిపించేలా చూసుకుంటాను. ఫేడర్ అడుగున ఎక్కడో ఉంటే వేలు మిల్లీమీటరు కదిలినా శబ్దం ఎన్నో డెసిబెల్‌లు దూకుతుంది. సున్నా దగ్గర అయితే చేతికి నిలకడ దొరుకుతుంది.

ఇక 32 దారులతో ఏం చేయాలన్న ప్రశ్న. నాటకపు సౌండ్‌లో డిజిటల్ అనుసంధానం ఇచ్చే అసలైన లాభం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. స్టీరియోగా కలిపేసిన శబ్దం ల్యాప్‌టాప్‌లోంచి బయటికి వచ్చాక దాన్ని మళ్లీ విడదీయలేం. ఒక సన్నివేశంలో వాన కురుస్తోంది, బల్ల మీద రేడియో మోగుతోంది, దూరాన ఉరుము వినిపిస్తోంది అనుకుందాం. మూడూ రెండు ప్రధాన స్పీకర్లలోంచే వస్తే ప్రేక్షకుడికి అదొక రికార్డింగ్‌లా వినిపిస్తుంది. రేడియో శబ్దాన్ని రంగస్థలం మీది రేడియో పెట్టెలోనే దాచిన చిన్న స్పీకర్‌కు పంపి, వానను హాలు వెనుక స్పీకర్లకూ ముందువాటికీ పంచి, ఉరుము అడుగు భాగాన్ని సబ్‌వూఫర్‌కు ఇస్తే చెవి వెతికిన చోటల్లా శబ్దం ఉంటుంది. దీనికి ల్యాప్‌టాప్ నుంచి కనీసం 6 వేరు దారులు కావాలి. సంగీతానికి 1, 2. వాతావరణానికి 3, 4. వేదిక మీది వస్తువుకు 5. అడుగు శబ్దానికి 6. ఈ పంపకాన్ని నేను ఏ నాటకానికైనా మార్చను, రేడియో లేని నాటకంలో 5 ఖాళీగా ఉన్నా సరే, ఎందుకంటే చీకట్లో చేయి దానంతట అది సరైన ఫేడర్ మీదికి వెళ్లాలి.

అయితే దీనితో ఒక తగవు పుడుతుంది: శబ్దపు స్థాయిని ఎక్కడ నిర్ణయించాలి, ల్యాప్‌టాప్‌లోనా కన్సోల్‌లోనా? రెండు చోట్లా నిర్ణయిస్తే రెండు చోట్లా తప్పు జరుగుతుంది. వాన ఎంత, ఉరుము ఎంత, పాట ఎప్పుడు మాటల కిందికి దిగాలి అన్నవి రచనలో భాగం. అవి ప్రతి ప్రదర్శనలోనూ ఒకేలా ఉండాలి కనుక ల్యాప్‌టాప్‌లోని ఫేడ్ క్యూలలో (శబ్దాన్ని మెల్లగా పెంచేందుకు, దించేందుకు ముందే రాసుకున్న ఆజ్ఞలలో) ఉండాలి. ఈ రోజు హాలు నిండిందా, సగమే నిండిందా, నటి గొంతు కాస్త బొంగురుపోయిందా అన్నవి ఆ సాయంత్రపు సంగతులు. అవి కన్సోల్ మీద ఆపరేటర్ వేలికి ఉండాలి. కొందరు అంతా కన్సోల్ సీన్లలోనే రాసుకుంటారు. వారి నాటకాలూ బాగానే వినిపిస్తాయి, కానీ అలాంటి షో ఫైల్‌ను మరొకరికి అప్పగించాలంటే మాత్రం వారు పక్కన కూర్చోక తప్పదు.

నెట్‌వర్క్ దారి గురించి కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియాకు చెందిన ఆడినేట్ సంస్థ తయారుచేసిన డాంటే వ్యవస్థ మామూలు ఈథర్‌నెట్ కేబుల్ మీద శబ్దాన్ని మోస్తుంది. యమహా సీఎల్, క్యూఎల్ కన్సోళ్లలో అది పుట్టుకతోనే ఉంటుంది. మరికొన్నింటిలో కార్డుగా చేర్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అన్న సాఫ్ట్‌వేర్ వేసుకుంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 ఛానెళ్లు అటూ 64 ఇటూ నడుస్తాయి. ఈథర్‌నెట్ కేబుల్‌కు హద్దు 100 మీటర్లు కనుక ల్యాప్‌టాప్ వింగ్‌లో ఉన్నా, బాల్కనీలో ఉన్నా చింత లేదు. వైఫై మీద మాత్రం ఇది పనిచేయదు, తీగే కావాలి. నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే స్విచ్ పెట్టెలో కరెంటు ఆదా చేసే ఈథర్‌నెట్ సౌకర్యం ఉంటే దాన్ని ఆపేయాలి, ఎందుకంటే అది ట్రాఫిక్ తగ్గిందనుకుని కునుకు తీసి లేచేలోగా డాంటే గడియారాల సమన్వయం చెదురుతుంది. దారులు కలపడం డాంటే కంట్రోలర్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, గళ్ల కాగితం లాంటి పట్టికలో జరుగుతుంది. పంపేవి పైన, అందుకునేవి పక్కన ఉంటాయి, కలిసే గడిలో నొక్కితే దారి ఏర్పడుతుంది. కన్సోల్ లోపలి రూటింగ్ ఆ తరువాత కూడా మిగిలే ఉంటుందని మరిచిపోయి అరగంట పోగొట్టుకున్న రోజు నాకుంది.

గడియారం సంగతి. డిజిటల్ శబ్దం అంటే సెకనుకు ఇన్ని నమూనాలు అన్న లెక్క. ఎక్స్32 తరగతి కన్సోళ్లు 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి, ఎస్‌క్యూ 96 దగ్గర నడుస్తుంది. ఫైల్ 44.1 దగ్గర రికార్డయి, పరికరం దాన్ని మార్చుకోకుండా 48 దగ్గర చదివితే పాట 8.8 శాతం వేగంగా నడుస్తుంది, శ్రుతి హార్మోనియం మెట్ల లెక్కలో దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి లేస్తుంది. నటుడు ఆ పాటతో కలిసి పాడవలసి ఉంటే అది పెద్ద ప్రమాదమే. మంచి ప్లేబ్యాక్ సాఫ్ట్‌వేర్ ఈ మార్పిడిని తానే చేసుకుంటుంది. అయినా నేను ఫైళ్లన్నిటినీ ముందే 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా మార్చి పెట్టుకుంటాను. ఎంపీ3లను విప్పుకునే పనీ, రేటు మార్చుకునే పనీ ప్రదర్శన సమయంలో ల్యాప్‌టాప్ నెత్తిన ఎందుకు పెట్టాలి? గడియారానికి యజమాని ఒక్కరే ఉండాలన్నది రెండో సూత్రం. నాటకంలో ఆ పెత్తనం కన్సోల్‌దే. హాల్లో ఉన్నట్టుండి టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్లు, అవి కూడా ఒక పద్ధతిగా కొంతసేపటికొకటి వస్తుంటే, రెండు గడియారాలు ఎవరి దారిన అవి నడుస్తున్నాయని అనుమానించాలి.

ఆలస్యం గురించి జనం పడే ఆందోళనలో చాలా భాగం అనవసరమైనది. ల్యాప్‌టాప్ బఫర్ (శబ్దాన్ని పంపే ముందు కొంత కూడబెట్టుకునే చోటు) 64 నమూనాలు పెట్టుకుంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 1.3 మిల్లీసెకన్లు, 512 పెట్టుకుంటే 10.7. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది కాబట్టి 10.7 మిల్లీసెకన్లంటే స్పీకర్‌ను మూడున్నర మీటర్ల కన్నా కాస్త వెనక్కి జరిపినంత. క్యూ నొక్కే నా వేలు తడబడే సమయమే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. రికార్డయిన శబ్దాన్ని వేయడానికి మాత్రమే ల్యాప్‌టాప్‌ను వాడుతున్నప్పుడు బఫర్ చిన్నదిగా పెట్టి ప్రాసెసర్ మీద ఒత్తిడి పెంచడం అంటే, లేని రోగానికి మందు మింగి కొత్త రోగం తెచ్చుకోవడం. డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్‌లోనూ 4, 6, 10 మిల్లీసెకన్ల ఎంపికలుంటాయి. నేను 10 దగ్గరే ఉంచుతాను. నటుల మైకులను ల్యాప్‌టాప్‌లోకి పంపి, ఎఫెక్టులు కలిపి తిరిగి తెచ్చుకునేవారికి ఈ లెక్క వర్తించదు. తిరిగివచ్చిన గొంతు అసలు గొంతుతో కలిసి డొల్లగా వినిపిస్తుంది. ఆ పని కన్సోల్ లోపలి ఎఫెక్టులతో అయిపోతుంటే దానికోసం ల్యాప్‌టాప్‌ను ఇబ్బంది పెట్టనక్కరలేదు.

మూడో సంగతి ఆజ్ఞ. నాటకంలో ఒక్క క్షణాన చాలా జరగాలి: పాట మొదలుకావాలి, ముగ్గురి మైకులు ఆగాలి, ఒకరిది తెరుచుకోవాలి, రివర్బ్ (ప్రతిధ్వని) మారాలి. ఒక చేయి ల్యాప్‌టాప్ మీద, ఒక చేయి కన్సోల్ మీద పెట్టి ఇదంతా చేసే ఆపరేటర్లను చూశాను, వారికి నమస్కారం. ల్యాప్‌టాప్‌లోని క్యూ జాబితాయే కన్సోల్‌కు సీన్ మార్చమని చెప్పగలిగితే స్పేస్ బార్ ఒక్కటే నొక్కవలసి ఉంటుంది. ఫిగర్ 53 సంస్థవారి క్యూల్యాబ్ ఈ పనికి బాగా వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్, కానీ అది ఆపిల్ కంప్యూటర్ల మీదే నడుస్తుంది. విండోస్ వారికి షో క్యూ సిస్టమ్ ఉంది, లైనక్స్ వారికి ఉచితంగా దొరికే లైనక్స్ షో ప్లేయర్ ఉంది. ఆజ్ఞ పంపే భాషలు ముఖ్యంగా రెండు: 1983 నుంచి ఉన్న మిడి, దాని తరువాతి తరానికి చెందిన ఓపెన్ సౌండ్ కంట్రోల్. మిడి అంకెలతో మాట్లాడుతుంది, రెండోది చిరునామాలతో మాట్లాడుతుంది. ఒకటో ఛానెల్, మిక్స్, ఫేడర్ అని గీతలతో విడదీసిన చిరునామా రాసి, దాని పక్కన విలువ ఇస్తే సరిపోతుంది.

మిడిలో సీన్ మార్చడానికి ప్రోగ్రామ్ ఛేంజ్ అన్న ఆజ్ఞ వాడతారు. తీగ మీద దాని విలువ 0 నుంచి 127 దాకా ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు దాన్ని అలాగే చూపిస్తాయి, కొన్ని మనుషుల సౌకర్యం కోసం 1 నుంచి 128 అని చూపిస్తాయి. నేను ల్యాప్‌టాప్‌లో 12 అని రాస్తే కన్సోల్ 13వ సీన్‌కు వెళ్లిన రిహార్సల్‌లో, చనిపోయిన పాత్ర మైక్ తెరుచుకుని, ఆ నటుడు వింగ్‌లో నీళ్లు తాగుతున్న చప్పుడు హాలంతా వినిపించింది. ఆనాటి నుంచి మొదటి సీన్‌తోనూ చివరి సీన్‌తోనూ సరిచూడకుండా ముందుకు వెళ్లను.

ఓపెన్ సౌండ్ కంట్రోల్‌లో నాకు తగిలిన దెబ్బ వేరే రకం. ఎక్స్32 ఈ ఆజ్ఞలను 10023 నంబరు పోర్టు దగ్గర వింటుంది. ఫేడర్ విలువ 0 నుంచి 1 దాకా ఉంటుంది. 1 అంటే మామూలు స్థాయి అనుకుని వాన ఛానెల్‌కు 1 పంపాను. కన్సోల్‌లో 1 అంటే ఫేడర్ పైకొస, అంటే +10 డెసిబెల్‌లు. సున్నా డెసిబెల్ ఉండేది 0.75 దగ్గర. చినుకులుగా మొదలుకావలసిన వాన ప్రళయంలా విరుచుకుపడింది. ఇంకొక సంగతి, ఈ ఆజ్ఞలు యూడీపీ పద్ధతిలో వెళతాయి. అంటే ఉత్తరం డబ్బాలో వేయడం లాంటిది, చేరినట్టు రసీదు రాదు. తీగ మీద అవి పోవడం అరుదు, కిక్కిరిసిన హాల్లో వైఫై మీద పోవడం అరుదు కాదు. అందుకే ట్యాబ్లెట్‌తో హాల్లో తిరుగుతూ మిక్స్ చేయడానికి వైఫై వాడుకుంటాను, క్యూ ఆజ్ఞలను మాత్రం కేబుల్ మీదే పంపుతాను.

కేబుల్ పెట్టినంతమాత్రాన రెండూ ఒకదానినొకటి చూడవు. కన్సోల్‌కు 192.168.1.10, ల్యాప్‌టాప్‌కు 192.168.1.20, రెంటికీ 255.255.255.0 మాస్క్ అని చిరునామాలు నేనే చేత్తో ఇస్తాను. రౌటర్ దయమీద వదలను. ల్యాప్‌టాప్ వైఫై కూడా అదే వరుస చిరునామాలున్న మరో నెట్‌వర్క్‌లో ఉంటే ఆజ్ఞలు ఏ ద్వారం గుండా వెళతాయో చెప్పలేం, కనుక వైఫై ఆపేస్తాను. విండోస్‌లో ఫైర్‌వాల్ ఈ కొత్త నెట్‌వర్క్‌ను బయటిదిగా భావించి సాఫ్ట్‌వేర్ నోరు నొక్కేస్తుంది. అక్కడ అనుమతి ఇవ్వాలి.

సీన్ మార్చే ఆజ్ఞలో దాగిన ప్రమాదం మరొకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్దది. సీన్ అంటే దాచిన రోజు కన్సోల్ మొత్తం ఎలా ఉందో దాని ఫొటో. వాన ఛానెల్ ఫేడర్ ఆ రోజు దించి ఉంటే, సీన్ పిలిచిన ప్రతిసారీ వాన సగంలో తెగిపోతుంది. కాబట్టి ల్యాప్‌టాప్ నుంచి వచ్చే ఛానెళ్లన్నిటినీ రీకాల్ సేఫ్‌లో పెట్టాలి; సీన్లు వాటిని తాకకూడదు. వాటిని నడిపేది ల్యాప్‌టాప్ ఫేడ్లు, ఆపైన నా వేలు. ఇంకా నేను క్యూలో సీన్ ఆజ్ఞను ముందు పంపి, సెకనులో ఐదోవంతు ఆగి శబ్దం మొదలుపెడతాను. మైకులు మూసుకున్నాక పాట వస్తే ఎవరికీ అతుకు తెలియదు.

ఇవన్నీ కుదిరాక కన్సోల్‌కు పంపే దారినే తిరగేసి వాడుకునే సౌకర్యం ఒకటి దొరుకుతుంది. రిహార్సల్‌లో నటుల మైకులన్నిటినీ విడివిడిగా ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకుని, మర్నాడు ఖాళీ హాల్లో ఆ రికార్డింగ్‌నే మైకుల స్థానంలో కన్సోల్‌లోకి పంపి, నింపాదిగా ఈక్యూలు (సన్నని, లోతైన ధ్వనుల పాళ్లు) సరిచేసుకోవచ్చు. 32 ఛానెళ్లు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అంటే సెకనుకు 4.6 మెగాబైట్లు, గంటకు దాదాపు 16.6 గిగాబైట్లు. రెండు గంటల నాటకానికి సుమారు 33 గిగాబైట్లు పడతాయి. నటులను నిలబెట్టి "మళ్లీ ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పండి" అని పదిసార్లు అడగవలసిన పని తప్పుతుంది. పని అయిపోయాక ఇన్‌పుట్లను తిరిగి మైకులకు మార్చడం మరిచిపోతే, నటులు పెదవులు కదుపుతుంటే నిన్నటి మాటలు వినిపిస్తాయి. ఇది నాకు జరగలేదు. జరగబోయి ఆగింది.

ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేయడం గురించి ఎంత చెప్పినా పునరుక్తే అవుతుంది: నిద్రపోకుండా చూడాలి, అప్‌డేట్లు ఆపాలి, స్క్రీన్ సేవర్ తీసేయాలి, యూఎస్‌బీకి కరెంటు ఆదా చేసే అమరికను ఆపాలి, ఛార్జర్ పెట్టే ఉంచాలి. ఎక్కువమంది చేయనిది ఒకటే. కంప్యూటర్ సొంత చప్పుళ్లకు డిఫాల్ట్ పరికరంగా ల్యాప్‌టాప్ స్పీకర్‌నే ఉంచి, ప్లేబ్యాక్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే కన్సోల్‌ను చూపించాలి. అప్పుడు ఏ సందేశం వచ్చి టింగుమన్నా అది బల్ల మీదే టింగుమంటుంది.

ఇంత చేసినా ల్యాప్‌టాప్ ఆగిపోవచ్చు. రెండో ల్యాప్‌టాప్‌లో అదే జాబితాను సమాంతరంగా నడపడం పెద్ద నిర్మాణాల పద్ధతి. అంత వెసులుబాటు లేనప్పుడు నేను ముఖ్యమైన ఐదారు శబ్దాలను ఒక ఫోన్‌లో వేసి, దాన్ని డీఐ ద్వారా రెండు అనలాగ్ ఛానెళ్లకు కలిపి మ్యూట్ చేసి ఉంచుతాను. యూఎస్‌బీతో, గడియారంతో, ఆజ్ఞలతో ఏ సంబంధమూ లేని ఆ పాత హెడ్‌ఫోన్ తీగ ఇప్పుడు నాకు ఆపద్బాంధవి. ఈసారి మాత్రం దాన్ని రెండుగా విడదీసిన కేబుల్‌తోనే పెడుతున్నాను.

తలుపులు తెరవడానికి అరగంట ముందు క్యూ జాబితాలో సున్నా నంబరు క్యూను నొక్కుతాను. అందులో ఏ సంగీతమూ లేదు, నా గొంతే ఉంది. "ఒకటి, సంగీతం ఎడమ" అని ముందు ఎడమ స్పీకర్‌లోంచి, "రెండు, సంగీతం కుడి" అని కుడిలోంచి, "మూడు", "నాలుగు" అని హాలు వెనుక నుంచి వినిపించాలి. "ఐదు" అన్నప్పుడు వేదిక మీది రేడియో పెట్టె మాట్లాడాలి. ఆరో దారిలో గొంతు బదులు ఒక లోతైన ధ్వని, కుర్చీ చేతులు సన్నగా వణికేలా. చివర కన్సోల్ మొదటి సీన్‌కు మారి, తెర మీద దాని పేరు వెలగాలి. అన్నీ తమ తమ చోట్ల పలికాక హెడ్‌సెట్‌లో స్టేజ్ మేనేజర్‌కు సౌండ్ సిద్ధమని చెబుతాను.